అమ్మకు మిగిలిన మాట

పక్షవాతంతో పడిపోయిన మాట అమ్మకు ఇన్నాళ్ళకు తిరిగొచ్చింది.

"నిన్ను కొరతెయ్య!"

కుర్ర డాక్టరు నావైపు తిరిగాడు. "అంటే ఏంటమ్మా?"

"పాతకాలం శిక్ష సార్. కొరత అంటే మొన తేలిన మేకు, కొర్రు అన్నమాట. దొంగల్ని దానిమీద కూర్చోబెట్టి చంపేవాళ్ళట. రాజులు పోయారు, తిట్టు మిగిలింది."

"మీమీద అంత కోపమా?"

"కోపమేంటి సార్! బడినుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలో ఇదే మాటంటూ నన్ను వాటేసుకునేది. అమ్మ నన్ను గుర్తుపట్టింది!"

ఏడుస్తూ అమ్మ చెయ్యి పట్టుకున్నాను. పరాయివాళ్ళు పట్టుకున్నట్టు మెల్లగా వెనక్కి లాక్కుంది.

అప్పుడే డ్యూటీకొచ్చిన కొత్త నర్సు దుప్పటి సర్దుతోంది. అమ్మ ఆమెను చూసి ముద్దుగా నవ్వింది.

"నిన్ను కొరతెయ్య!"