దూలం మీది వైరు

మెయిన్ దించేశాడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ మూలుగూ ఆగింది. అయినా నడింటి లైటు వైరుకు ఆనించగానే మోహనకృష్ణ చేతిలో టెస్టర్ ఎర్రగా వెలిగింది.

"స్విచ్చి కూడా ఆపీసేను కదే. ఇదెక్కడి కరెంటు?" అన్నాడు స్టూలు మీద నుంచే.

కింద స్టూలు పట్టుకున్న భార్య ఝాన్సీ తలెత్తి చూసింది. ఆ వైరు దూలం వెంబడే పోయి, గోడ మీదుగా అవతలి వాటాలోకి దూరింది. అన్నదమ్ములు వాటాలు వేసుకున్నప్పుడు నడింట గోడ కట్టారు, మీటర్లు విడగొట్టారు, ఈ ఒక్క వైరు సంగతే ఎవరికీ తట్టలేదు. ఆ గోడైనా దూలం దాకా లేదు. అవతల అన్న నరసింగరావు పెట్టుకున్న టీవీ ఇవతలికి శుభ్రంగా వినిపిస్తోంది.

"బావగారి కరెంటండి అది. ఒక్క మాట సెప్తే ఆళ్ళ మెయిన్ ఆపీస్తారు."

"మాటలు మానీసి మూడేళ్ళయినాది. ఒక లైటు కోసం నాను ముందు నోరిప్పాలేటి?"

"పేనం కోసం ఇప్పండి."

"సాల్లే. రబ్బరు సెప్పులేసుకున్నాను. నీ జాకెట్లు రేప్పొద్దుటికి ఇవ్వాలా, వద్దా?"

పెళ్ళివారి జాకెట్లు పదకొండు, కుట్టుమిషను పక్కన కుప్పగా పడి ఉన్నాయి. పొద్దు గూకుతోంది. ఈ మొండి మనిషితో ఎలా వేగాలో ఝాన్సీకి తెలియలేదు. ఒళ్ళు మండింది, భయమూ వేసింది.

"ఆ వైరు ముట్టుకుని పోతే పాడె మొయ్యడానికైనా ఆయన్నే పిలవాల" అంది, కొంచెం గట్టిగానే.

అతను కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. అంతలో అవతల టీవీ టక్కున ఆగింది. టెస్టర్ ఆనించాడు. వెలగలేదు. రెండోసారీ వెలగలేదు.

"కరెంటు పోనాది. ఇదే అదును."

"మళ్ళీ వచ్చీస్తే?"

"వచ్చీలోగా బిగించీస్తాను."

ఆ పది నిమిషాలూ ఝాన్సీ చెవులు గోడవైపే ఉన్నాయి. టీవీ కాస్త గొణిగితే చాలు, చెయ్యి తియ్యమని అరవడానికి కాచుకుని ఉంది. పాత హోల్డరు ఊడింది. కొత్త లైటు స్క్రూ ఒకటి జారి మిషను కిందికి దొర్లింది. స్టూలు వదల్లేక ఆమె దాన్ని కాలితోనే తడిమి లాగింది. అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరి స్క్రూ బిగిశాక గానీ ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

"కరెంటొచ్చినప్పుడు అదే ఎలుగుతాది" అంటూ దిగి, స్విచ్చి వేసి, మెయిన్ ఎత్తేశాడు.

ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ మూలిగింది. కరెంటు ఉంది. కొత్త లైటు మాత్రం వెలగలేదు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అప్పుడు గోడ మీదుగా నరసింగరావు గొంతు వచ్చింది.

"ఒరే కిట్టా, వైరు మీంచి సెయ్యి తీసీసినావేటి? ఈ మెయిన్ పట్టుకుని నిలబడ్డాను, ఎయ్యమంటావా?"