మామ్మ చుట్ట, కొట్టు అద్దం

పోయిన వారం అసిరినాయుడి కొట్లో సిగరెట్ల అరకు కొత్త అద్దం బిగించారు. అది ఎదుటివాళ్ల ఊపిరి వాసన పట్టి, పొగతాగేవాళ్లకే పెట్టెలు చూపిస్తుంది. మిగతావాళ్లకు ఉత్త గోడే. కంటపడకపోతే కుర్రకారుకు అలవాటు కాదని సర్కారు నమ్మకం.

ఆ పొద్దున తొమ్మిదో తరగతి కూతురు పైడమ్మ ఎదుట నిలబడగానే అద్దంలో పెట్టెలు తేలాయి. నాయుడు కూతురి భుజం పట్టుకున్నాడు.

"ఎప్పట్నించే, గుంటా?"

"నాను కాల్చనేదు నాన్నా! మామ్మకి చుట్ట నోట్లో ఎట్టి ముట్టించి ఇస్తానంతే."

అరుగు మీద అడ్డపొగ తాగుతున్న నాయుడి తల్లి, నిప్పువైపు నోట్లో ఉన్న చుట్టను బయటికి తీసింది. "దాన్నేటంతావురా? అది బడికెల్తే ముట్టించేది నువ్వే కదేటి?"

సిగరెట్టు ముట్టని తనకు పెట్టెలు కనబడుతుంటే, కొట్టు తనదని కాబోలనుకున్నాడు ఇన్నాళ్లూ. ఎవర్ని తిట్టాలో తోచక, కూతుర్ని పక్కకు జరిపి ఊపిరి బిగబట్టాడు. గోడ కనబడింది.

ఊపిరి వదిలాడు. పెట్టెలు తిరిగొచ్చాయి.