అడిగినవాళ్ల పేరు

“ఎవరు అడిగారో నాకు పేరు కావాలి. చెప్పేదాకా ఈ కుర్చీలోంచి లేవను.”

నాగరత్నం గొంతు విని, పక్క గదిలో కాగితం సంచులు అతికిస్తున్నవాళ్లు పని ఆపి ఇటు తిరిగారు. ఆమె పక్కన కొడుకు పవన్‌కుమార్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పైకి దగ్గరపడ్డ మనిషి. పుట్టుకతోనే బుద్ధి నిదానం అన్నారు డాక్టర్లు. మాట కూడా నిదానమే. వెతుక్కుంటూ వస్తుంది.

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, మేడమీద ఉంటుంది ఆ సంస్థ. ఇలాంటి పిల్లలకూ పెద్దలకూ పగటిపూట పని నేర్పుతారు. వాళ్లను నమ్మి, ఏళ్ల తరబడి కాచిగూడ నుంచి కొడుకుని తనే తెచ్చి దింపుతోంది నాగరత్నం. ఆ నమ్మకం మీద నిన్న పిడుగు పడింది. సంస్థ నడిపే ఇంద్రసేన ఫోన్ చేసి, ఆబిడ్స్‌లో తమ సంస్థవాళ్లు కొందరు కలిసి ఉండే ఇంట్లో ఒక మంచం ఖాళీ అయిందనీ, దాన్ని పవన్‌కు ఇవ్వమని ఆమె ఇంట్లోంచే అడిగారనీ చెప్పాడు.

“మీ ఇంటి మనిషేనమ్మా,” అన్నాడు ఇప్పుడు ఎదురుగా కూర్చున్న ఇంద్రసేన. “కానీ మీకు తామే చెప్పుకుంటమన్నరు. నేను నోరు జారితే మాట తప్పినట్టయితది.”

“మీరు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.”

నాగరత్నం ఫోన్ తీసింది. పెద్దకొడుకు భానుతేజ భార్య మేఘనకు నెలలు నిండుతున్నాయి. అందరూ కలిసి ఉండే ఇంట్లో ఉన్నవి రెండే పడగ్గదులు. ఇంతకంటే రుజువేం కావాలి?

“ఏమ్మా, పుట్టబోయే బిడ్డకు గది కావాలంటే నన్ను అడగలేకపోయావా? నేను హాల్లో చాప వేసుకునేదాన్ని కదా! నోరులేనివాణ్ణి గెంటడానికి నీకు మనసెలా ఒప్పింది?”

“అత్తయ్యా, ఒట్టు, నాకేమీ తెలీదు. ఎవరు గెంటారు?”

“నంగనాచి మాటలు మాట్లాడకు!”

అవతల ఏడుపు వినిపించింది. భానుతేజ ఫోన్ అందుకుని, “అమ్మా, ఈ పరిస్థితిలో దాన్ని ఏడిపిస్తావా? మేమెవరం ఏమీ అడగలేదు,” అంటుండగానే ఆమె ఫోన్ పెట్టేసింది.

“జర ఇల్లు చూడండమ్మా,” అన్నాడు ఇంద్రసేన. “నచ్చకుంటే బలవంతం లేదు.”

“చూస్తాను. చూసి, అక్కడేం జరుగుతోందో నలుగురికీ చెబుతాను.”

ఆమె కోపం ఇవాళ్టిది కాదు. భర్త రామచంద్రమూర్తి పోయిన కొత్తలో, బంధువులు ‘ఒంటరిదానివి, ఎన్నాళ్లు మోస్తావు’ అంటూ ఊరి చివర ఒక ఆశ్రమానికి తీసుకెళ్లారు. ఫినాయిలు కంపు. నున్నగా గొరిగిన తలలు. బయటినుంచి గొళ్లెం వేసిన తలుపులు. ఆ తలుపుల వెనక ఎవరో అన్నం అన్నం అని అరుస్తుంటే, కొడుకుని ఎత్తుకున్నంత పనిచేసి పరుగెత్తుకొచ్చింది. తను బతికుండగా వాణ్ణి ఇంకో ఇంట్లో ఉండనివ్వనని ఆరోజే అనుకుంది.

సంస్థలో పనిచేసే సౌభాగ్య వాళ్లను ఆటోలో తీసుకెళ్లింది. దారిపొడుగునా పవన్ కాలు అదురుతూనే ఉంది. “భయపడకు నాన్నా, అమ్మ ఉంది,” అంటూ నాగరత్నం ఆ మోకాలిమీద చెయ్యి వేసింది.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక, పాత భవనంలో మొదటి అంతస్తు. వంటింట్లో ఒకతను బీన్స్ కోస్తున్నాడు. ఒక ముక్క వేలెడంత, ఇంకో ముక్క గోరంత. ఇంకొకతను కుక్కర్ విజిళ్లు పైకే లెక్కపెడుతున్నాడు. వాళ్లకు తోడుగా ఉండే దుర్గయ్య ఎదురొచ్చాడు.

“పవన్, చాయ్ తాగుతవా బిడ్డా?”

“వాడు చాయ్ తాగడు. పాలు తాగుతాడు,” అంది నాగరత్నం.

ఆమె ఇల్లంతా కలియదిరిగింది. తలుపులకు గొళ్లేలు లోపలివైపే ఉన్నాయి. కిటికీలో గాలి బాగానే వస్తోంది. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

“ఈ ముక్కలు ఉడికేదెప్పుడు? నా కొడుక్కి అన్నం కలిపి పెట్టేదెవరు? దుప్పటి కప్పేదెవరు?”

“మేమే కప్పుకుంటం ఆంటీ,” అన్నాడు బీన్స్ కోసే అతను నవ్వుతూ.

పవన్ ఖాళీ మంచం దగ్గర నిలబడి, దాని కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

“చూడమ్మా సౌభాగ్యా, ఎలా బిగుసుకుపోయాడో! బెదిరిపోయాడు పిచ్చితండ్రి.”

“అమ్మా, ఒక్కపారి ఆయనను...” అని సౌభాగ్య ఏదో అనబోయింది.

“నువ్వు మాట్లాడకు!” అంది నాగరత్నం. “వీణ్ణి బళ్లోంచి పంపేశారు. పెళ్లిళ్లకు తీసుకురావద్దన్నారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోయారు. అప్పుడు ఒక్కరూ రాలేదు. ఇప్పుడు మాత్రం వీడు ఎక్కడ ఉండాలో తేల్చడానికి అందరూ తయారు! వీడికేం కావాలో నాకంటే ఎక్కువ తెలిసిన ఆ మహానుభావులెవరో, దమ్ముంటే నా ఎదురుగా నిలబడి చెప్పమనండి!”

కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టే అతను కూడా లెక్క ఆపేశాడు. సౌభాగ్య తల దించుకుంది.

“చూశారా? ఒక్కరికీ నోరు రాదు,” అంటూ నాగరత్నం కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మంవైపు లాగింది.

అతను కదల్లేదు. పెదాలు రెండుమూడుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి.

“నేనేనమ్మా అడిగింది,” అన్నాడు పవన్.