తల్లికి ఫోన్

"ఇటివ్వు ఫోన్!"

అరబ్బు యజమాని జాసిమ్ గుంజుకోబోయాడు. పనిమనిషి రెడ్డెమ్మ వదల్లేదు. చెంప ఛెళ్లుమంది. చెవి కమ్మ ఊడి వంటగది గచ్చు మీద దొర్లింది.

"మా అమ్మ ఏడుస్తున్న వీడియో పొద్దుటి నుంచి ఈ ఖైతాన్ పేటలో మీ ఊరివాళ్ల ఫోన్లన్నిట్లో తిరుగుతోంది. ఎవరు పంపారు? నువ్వా, డ్రైవరా?"

"వల్లా, దేవుడి మీదొట్టు, నేను కాదు బాబా!"

అతను వింటేగా! ఆమె ఫోనూ డ్రైవర్ మునాఫ్ ఫోనూ స్విచాఫ్ చేసి, సొరుగులో పడేసి తాళం వేశాడు.

పాపం, అతనూ తన బాధలో తానున్నాడు. రెడ్డెమ్మ చేతుల్లో పెరిగిన తమ్ముడు బదర్ నడిపే యుద్ధవిమానం కూలిపోయి, అతను తీవ్రవాదుల చేతికి చిక్కి నాలుగు రోజులైంది. పొద్దున వాళ్లు పంపిన వీడియోలో బదర్ ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే విరిచారు. అతను అరుస్తుంటే పక్కన ముసుగువాడు నింపాదిగా చెప్పాడు.

"రెండు గంటలకి వీడి ఫోన్ నుంచే వీడి తల్లికి ఫోన్ చేస్తాం. ఎత్తి ప్రాణభిక్ష అడిగితే వదిలేస్తాం. ఎత్తకపోతే మూడింటికి చంపేస్తాం."

ఇప్పుడు హాల్లో, పనివాళ్లు 'మామా' అని పిలిచే జాసిమ్ తల్లి తన ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చుట్టూ చుట్టాలు, ఇద్దరు సైనికాధికారులు. ఏసీ చలిలోనూ అందరికీ చెమటలే.

"టైమెంతయింది మునాఫన్నా?" వంటగది తలుపు దగ్గర నిలబడి రెడ్డెమ్మ గుసగుసగా అడిగింది.

"రెండు దాటింది రెడ్డెమ్మా."

"మోగలేదే?"

"మోగుతాది. ఊరికే గాబరా పడొద్దు."

రెండుంబావుకి మోగింది. అందరూ ఒక్క ఉదుటున లేచారు. చేసింది మామా చెల్లెలు. "పెట్టెయ్! లైన్ ఖాళీగా ఉంచు!" అని జాసిమ్ అరవడంతో మామా ఠక్కున పెట్టేసింది.

రెండున్నర. ముప్పావు. "మీ చేతులు పడిపోనూ! మాటంటే మాటుండొద్దా? చెయ్యండ్రా ఫోను! ఆయమ్మ ఎట్ల కూచునుందో చూడండ్రా!" అంటూ రెడ్డెమ్మ కనపడని వాళ్లని తిట్టిపోసింది.

మూడు దాటాక వచ్చింది, ఫోన్ కాదు, వీడియో. జాసిమ్ దాచబోతే మామా ఊరుకోలేదు. "పెట్టు. నా కొడుకుని నేను చూడాలి" అంది. పెద్ద టీవీలో పెట్టక తప్పలేదు.

ఇసుకలో మోకాళ్ల మీద బదర్. ముసుగువాడు జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు.

"మాటిచ్చినట్టే మూడుసార్లు చేశాం. తల్లి ఫోన్ స్విచాఫ్ చేసుకుంది."

బదర్ ఏదో చెప్పబోయాడు. తుపాకీ పేలింది. పడ్డాక మళ్లీ పేలింది. కాళ్లు కాసేపు ఇసుకను తన్నుకుని ఆగిపోయాయి.

"అబద్ధం!" మామా గుండెలు బాదుకుంది. "ఇదిగో నా ఫోన్, చేతిలోనే ఉంది! వాళ్లు ఒక్కసారి కూడా చెయ్యలేదు!"

ఆమె మాట వినపడ్డట్టే ముసుగువాడు బదర్ ఫోన్ బయటికి తీశాడు. అద్దం మీది నెత్తురు చొక్కాకి తుడిచి, తాము చేసిన నంబరు కెమెరాకి చూపించాడు. నంబరు పక్కన అరబీలో ఒక పేరు, దాని మీద చిన్న ఫోటో.

హాల్లో ఏడుపు ఆగిపోయింది. జాసిమ్ తల మెల్లగా వంటగది వైపు తిరిగింది.

"ఏం రాసుండాది మునాఫన్నా?" చదువు రాని రెడ్డెమ్మ కళ్లు చికిలించింది.

"'అమ్మ' అని రాసుండాడు" అన్నాడు మునాఫ్.

అప్పటికి ఫోటో ఆనింది రెడ్డెమ్మకి. నెత్తికి గుడ్డ చుట్టుకుని, పొయ్యి ముందు నిలబడి నవ్వుతున్నది తనే.