ఆమె తెరవని మెయిల్

అక్క పంపిన మెయిల్‌ను ఆమె ఇంకా తెరవనే లేదు. అయినా ఎవరో చదివేసినట్టు కనిపిస్తోంది. కొత్త మెయిల్ అక్షరాలు లావుగా ఉండాలి. ఇవి సన్నబడి ఉన్నాయి. నిన్నా ఇంతే.



బుధవారం పాపను తీసుకుని అక్క ఊరికి బస్సెక్కేయాలి. మళ్లీ భర్త ఇంటి గడప తొక్కకూడదు. భర్త రోజూ ఆమె ఫోను తనిఖీ చేస్తాడు కాబట్టి ఆఫీసు మెయిల్‌లోనే అక్కకు రాస్తోంది. నోరు తెరిచి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముందే భర్త చెవిన పడితే పాపను ఎక్కడికో పంపేస్తాడు. అన్నంత పనీ చేసే మనిషి.

తిన్నగా తాళాలన్నయ్య గదికి వెళ్లింది. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఏ ఫైలు తెరవొచ్చో, ఎవరి మెయిల్ ఎవరు చూడొచ్చో అన్నీ ఒక డైరెక్టరీలో ఉంటాయి. దాని తాళాలు ఈయన చేతిలో ఉంటాయి. పాస్‌వర్డు మరిచిపోయి వచ్చినవాళ్లను కసురుకోని కంప్యూటరు మనిషి. అంతకన్నా మంచివాడు ఏ ఆఫీసులో దొరుకుతాడు?

"అన్నయ్యా, నా మెయిల్ ఎవరో చదువుతున్నారు. అందులో ఇంటి గొడవలున్నాయి."

"కంగారు పడకమ్మా. ఇలా కూర్చో."

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో, నీ పేరు కింద మేనేజరమ్మ పేరు. నువ్వు కాన్పు సెలవులో ఉన్నప్పుడు పని ఆగకూడదని ఆవిడకు నీ మెయిల్ తెరిచే హక్కు ఇచ్చాం. నువ్వొచ్చాక తీసెయ్యాలి. ఇమ్మని అందరూ ప్రాణం తీస్తారు, తీసెయ్యమని ఒక్కరూ అడగరు."

"ఆ కింద 'అడ్మిన్' అని ఉందేంటి?"

"అది మా పనికోసంలే."

మేనేజరమ్మ ఆమె భర్తకు మేనత్త వరస. ఇంకేం కావాలి? ఒళ్లు మండిపోయింది. విసురుగా ఆవిడ గదిలోకి వెళ్లి అడిగేసింది.

మేనేజరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకింకా ఆ హక్కు ఉందనే తెలీదు తల్లీ. నీ మెయిల్ నాకెందుకే?"

"ఎందుకో మీకే తెలియాలి అత్తయ్యా."

ఆవిడ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. ఈమె వినకుండా బయటికి వచ్చేసింది. ఉద్యోగం ఇప్పించిన మనిషినే అంత మాట అనేసింది. కానీ పాప కన్నా ఎవరెక్కువ?

తిరిగి వచ్చేసరికి తాళాలన్నయ్య పని ముగించి ఉన్నాడు.

"ఆవిడ పేరు తీసేశాను. ఇంక నిశ్చింతగా ఉండు."

అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. "మీ మేలు జన్మలో మరిచిపోను అన్నయ్యా."

ఆయన మంచినీళ్ల సీసా మూత తీసి అందించాడు.

"అన్నయ్య అన్నాక మేలేంటమ్మా, పిచ్చిదానా! బుధవారం బస్సులో మాత్రం ముందు సీట్లో కూర్చో, వెనకైతే పాపకు వాంతులవుతాయి కదా."