ఎడమ సీటు బరువు

పప్పుల దుకాణం సాంబయ్య సేటు పాత కారును మూడోసారి నా షెడ్డుకు తెచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

"మల్ల కుడికే గుంజుతాంది మొగిలీ. నువ్వేం జేసినవ్?"

చక్రాల వెంట దారం పట్టి మళ్లీ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. నేను పక్కన కూర్చుని, ఆయన చేతనే హనుమకొండ రోడ్డు మీద నడిపించాను. కారు తిన్నగా పోయింది.

"ఏడ గుంజుతాంది సేటూ? పైసలున్నోళ్లకు పనోన్ని బద్నాం జేసుడే పనా?"

"నువ్వు దిగినంక గుంజుతది," అన్నాడు మెల్లగా.

దిగి, ఆయన్ని ఒక్కణ్నే పోనిమ్మని చూశాను. నిజమే, కారు కుడికి ఒరుగుతోంది. చక్రాల మీద బరువు మోసే కమాన్ స్ప్రింగులు సడలిపోయాయి. ఎడమ సీట్లో మనిషి ఉంటేనే బరువు సమంగా పడుతోంది. మొదటి రెండుసార్లూ నేను పక్కన కూర్చునే సరిచూశాను మరి.

"ఒక్కనివే తిరుగుతానవని ముందుగాల చెప్పొద్దా? ఇప్పుడే ఒక్క మనిషికి సరిపెడత. ఇగ గుంజదు."

పానా తీసుకుని కారు కిందికి దూరబోతుంటే నా భుజం పట్టుకున్నాడు.

"ఒక్కనికి పెట్టకు బిడ్డా. ఇంటామె దవాఖానల ఉన్నది. డాక్టర్లు ఏం చెప్పుతలేరు. తోల్కపొమ్మన్ననాడు ఆమె పక్కన కూసుంటె కారు ఎడమకు గుంజొద్దు."

పానా కింద పెట్టేశాను.

"అందాంక స్టీరింగు జర గట్టిగ పట్టుకుంట," అన్నాడు. "చేతులు నొస్తె నొయ్యనీ."