వకీలుగా నిలబడని తండ్రి

నిఖా ఇంకో గంటలో ఉందనగా, వకీలుగా నిలబడనని రహమాన్ మొండికేశాడు.

వాళ్ళింట్లో మొదట్నుంచీ పెళ్ళికూతురి తండ్రే వకీలు. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని ఆడవాళ్ళ గదిలోకి రావాలి. ముసుగులో కూర్చున్న కూతుర్ని, ఈ పెళ్ళి నీకిష్టమేనా అని అడగాలి. ఆమె చెప్పిన మాట తన చెవులతో విని, ఖాజీగారి ముందుకెళ్ళి సాక్ష్యం చెప్పాలి. అంతే పని. ఆ కాస్త పనికి కన్నతండ్రికి మనసు రాలేదు. తన అన్న అష్రఫ్‌ని పంపుతానన్నాడు.

పెళ్ళికూతురు రిహానాకి సంగతి అర్థమైంది. నాన్నకి కోపం పోలేదన్నమాట.

పెళ్ళికొడుకు షఫీక్‌ని తనే కోరుకుంది. మంగళగిరిలో ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఆ సంగతి నాన్న అన్నం తింటుండగా చెప్పింది. మొహం చూసే ధైర్యంలేక, తల వంచుకుని, గొణిగినట్టు చెప్పింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. చెయ్యి కడుక్కుని, చెవుల్లో బడ్స్ పెట్టుకుని మిల్లుకి వెళ్ళిపోయాడు. తర్వాత అమ్మ గుల్జార్ బేగం ఎదురుగా కూర్చుని ఏం నచ్చజెప్పిందో గానీ, సరేనన్నాడు. ఆ సరే మనస్ఫూర్తిగా అన్నది కాదని రిహానాకి ఇప్పుడు తెలిసొచ్చింది.

ఆ బడ్స్ కొనిచ్చింది కూడా తనే, తన ఖర్మకొద్దీ. గుంటూరు శివార్లలోని జిన్నింగ్ మిల్లులో రహమాన్‌ది పాతికేళ్ళ కొలువు. పత్తి గింజ తీసే యంత్రాల మధ్య మనిషి నోరు చించుకున్నా పక్కవాడికి వినబడదు. అందరిలాగే ఆయనా ఇంత పత్తి ఉండచుట్టి చెవుల్లో కుక్కుకునేవాడు. చూడలేక, ఉద్యోగంలో చేరగానే, మోత తగ్గించే బడ్స్ కొనుక్కొచ్చింది. వైర్లు లేవు, బాదంపప్పంత ఉన్నాయి. ఇవి పెట్టుకుంటే చెవులు పాడవవని, పాటలు కూడా వినొచ్చని చెప్పింది. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మర్నాడు ఎలా ఉన్నాయని అడిగితే, బ్రహ్మాండం తల్లీ, ఇంత చప్పుడు కూడా లేదన్నాడు. ఎంత పొంగిపోయిందో పిచ్చిది.

ఇక అక్కణ్ణుంచి చూడాలి. మిల్లులో అవే, ఇంట్లో అవే, బజారుకెళ్ళినా అవే. వెనకనుంచి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. మంగళగిరిలో తనుండే హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ చేతికిచ్చేసేవాడు. రహమాన్‌కి ముదిమిలో పాటల పిచ్చి పట్టిందని వీధివీధంతా ఆటపట్టించింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పాటలంటే సరే. కూతురి పెళ్ళినాడు కూడానా?

అమ్మని నిలదీసింది. గుల్జార్ బేగం కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆయన్నేమీ అనకే" అని మాత్రం అంది. ఎప్పుడూ ఇంతే, మొగుణ్ణి వెనకేసుకొస్తుంది.

పెదనాన్న అష్రఫ్ సాక్షులతో వచ్చాడు. అడగాల్సింది అడిగాడు. రిహానా ముసుగులోంచి గుమ్మం వైపు చూసింది. నాన్న అక్కడే ఉన్నాడు. కొత్త చొక్కా, అత్తరు, చెవుల్లో బడ్స్. తన జీవితంలో అంత పెద్ద మాట చెబుతుంటే, వినడానికి కూడా ఆయనకి ఇష్టంలేదు. ఏడుపు దిగమింగుకుని, ఇష్టమేనంది. పరాయివాడెవరో అడిగినట్టే ఉంది ఆమెకి.

అప్పగింతలయ్యాయి. బయట కారు సిద్ధంగా ఉంది. అందరి దగ్గరా సెలవు తీసుకుంది. ఆఖరికి నాన్న ముందు నిలబడింది. ఇక ఆగలేకపోయింది. ఆయన చెవుల్లోంచి ఆ రెండింటినీ లాగేసి, భుజం మీద తలవాల్చి భోరుమంది.

"ఇప్పటికైనా నా మాట విను నాన్నా. కోపముంటే కొట్టు, తిట్టు. నా పెళ్ళికి నువ్వెందుకు వకీలుగా రాలేదో చెప్పు. అది తెలియకుండా నేనీ గడప దాటలేను."

రహమాన్ ఆమె తల నెమ్మదిగా పైకెత్తి, ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తనకెదురుగా తిప్పుకుని, "మళ్ళీ చెప్పు తల్లీ, పెదాలు కనబడకపోతే నాకేం తెలుస్తుంది, నువ్వవి కొనుక్కొచ్చేనాటికే నా చెవులు పోయాయి" అన్నాడు.